ఫెల్టన్ దొరగారి కారు

మా వర్డెల్ వదినకి అనుమానం ఉగ్గుపాలతోనే అబ్బింది. పాలవాడు గుమ్మంలో పెట్టి వెళ్ళిన సీసాని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూస్తేగానీ వంటింట్లోకి రానిచ్చేది కాదు. ఆదివారం చర్చిలో పాస్టరుగారు "సిస్టర్ వర్డెల్, టోపీ చాలా బావుందమ్మా" అంటే, ఇంటికొచ్చేదాకా ఆలోచించి "చర్చి కప్పు మళ్ళీ కారుతున్నట్టుంది, ఈ వారం చందాలకి వస్తాడు చూడు" అని తేల్చేది. నేను ఎప్పుడైనా మనసు బాగుండి "వదినా, ఇవాళ గిన్నెలు నేను కడుగుతాలే" అన్నానంటే, చేస్తున్న పని వదిలేసి వచ్చి నా మొహంలోకి చూసేది.

"ఏం పగలగొట్టావ్?"

నేను, నియోమాని, ఆమెకి ఆడపడుచుని. మా అన్నయ్య లూషస్ ఆమె మొగుడు. షికాగో దక్షిణం వైపున, మూడో అంతస్తు వాటాలో ముగ్గురం కాపురం ఉండేవాళ్ళం. అన్నయ్య ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, వదిన దీపాల గొడుగులు కుట్టే కొట్లో, నేను లాండ్రీలో. ఇదంతా యాభైల మొదట్లో మాట.

మేడలో వాళ్ళందరూ వదిన అనుమానాలు చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు. అయితే దక్షిణాదికి కారులో వెళ్ళాల్సి వచ్చినప్పుడు, ఆ నవ్వినవాళ్ళే మా వంటింటి బల్ల ముందు బుద్ధిగా చేతులు కట్టుకుని కూర్చునేవాళ్ళు. మాలో సగంమందికి అమ్మలూ అక్కలూ ఇంకా అక్కడే ఉన్నారు. చావుకో పెళ్ళికో ఎవరో ఒకరు వెళ్తూనే ఉండాలి. రోడ్డు మ్యాపు పెట్రోలు బంకువాడు ఊరికే ఇచ్చేవాడు. దాంట్లో ఊళ్ళున్నాయి, నదులున్నాయి, వంతెనలున్నాయి. నల్లవాళ్ళకి పెట్రోలు పోసి డబ్బు తీసుకుని పాయిఖానా తలుపు మాత్రం తియ్యని బంకులు ఏవో, పొద్దుగూకాక నల్లమొహం కనబడితే ప్రాణాల మీదికొచ్చే ఊళ్ళు ఏవో, అవి మ్యాపులో లేవు. అవి మా వదిన బుర్రలో ఉన్నాయి.

ఎలా వచ్చాయంటే, వెళ్ళొచ్చిన ప్రతివాణ్ణీ పిలిచి కూర్చోబెట్టి పీడించేది.

"బంకువాడు ఎలా మాట్లాడాడు?"

"మర్యాదగానే మాట్లాడాడమ్మా."

"ఎంత మర్యాదగా? మామూలు మర్యాదా, మరీ మర్యాదా?"

"...మరీ మర్యాదే."

"అక్కడ ఆగకూడదు" అని వదిన మ్యాపు మీద ఆ ఊరి దగ్గర గోటితో గట్టిగా గీత పెట్టేది.

కింద వాటాలో ఉండే రూఫస్ తాత ఒకసారి ఉండబట్టలేక అడిగాడు. "తల్లీ, తిడితే ఆగొద్దంటావు. మర్యాద చేస్తే ఆగొద్దంటావు. మరి ఎక్కడ ఆగమంటావు?"

"మన మొహం చూడకుండా చిరాగ్గా పెట్రోలు పోసి పొమ్మనేవాడి దగ్గర. వాడికి వేరే పనులున్నాయన్నమాట."

అందరూ నవ్వారు. అందరూ ఆమె చెప్పినచోటే ఆగారు. వెళ్ళినవాళ్ళందరూ తిరిగొచ్చారు కూడా. ఆ మాట ఆమె ఎప్పుడూ గొప్పగా చెప్పుకోలేదు. చెప్పుకుంటే దిష్టి తగులుతుందని ఆమె అనుమానం.

అలాంటి ఇంటికి ఒక వసంతకాలం సాయంత్రం మా అన్నయ్య బ్యూక్ కారు తెచ్చాడు. లేత ఆకుపచ్చ రంగు. ముందువైపు మెరుపులో చూసుకుని తల దువ్వుకోవచ్చు. ఎన్నాళ్ళనుంచో ఓవర్‌టైం చేసి, పొగాకు మానేసి, పాత కోటుకే అతుకులు వేయించుకుని కొనుక్కున్న కారు. వీధంతా మూగింది. వదిన కిటికీలోంచి చూసింది, కిందికి దిగలేదు. అన్నయ్య మూడంతస్తులు పరిగెత్తుకుంటూ ఎక్కొచ్చి "ఎలా ఉందే?" అన్నాడు.

"ఎవరెవరు చూశారు?" అంది వదిన.

అన్నయ్యకి ఆ కారు ఎందుకు కావలసి వచ్చిందో నాకు తెలుసు. షికాగోలో ట్రాములు బోలెడున్నాయి. దక్షిణాదిన మెంఫిస్‌లో మా అమ్మ ఉంది. మా అమ్మ ఎస్తర్ నలభై ఏళ్ళనుంచీ తెల్లవాళ్ళ బట్టలు ఉతికి ఇస్త్రీ చేస్తోంది. దొరసానులు కార్ల వెనకసీట్లో కూర్చుని వచ్చి, అద్దం దించి, మూట అందించి వెళ్ళేవాళ్ళు. ఆ వెనకసీట్లో అమ్మని కూర్చోబెట్టి ఆదివారం చర్చికి తీసుకెళ్ళాలి, ఇది నా కొడుకు కారు అని అమ్మ పదిమందిలో దిగాలి. పదిహేడేళ్ళప్పుడు రైలెక్కిన దగ్గర్నుంచీ అన్నయ్యకి ఉన్నది ఆ ఒక్క కోరిక.

"జూన్‌లో వెళ్దాం" అన్నాడు. "తెల్లారకముందు బయల్దేరితే పొద్దు వాలేలోపల మెంఫిస్."

"ఆ కారులోనా?"

"మరి భుజాల మీద మోసుకెళ్దామా?"

వదిన రాత్రి భోజనాలయ్యాక మ్యాపు తీసి బల్ల మీద పరిచింది. ఆ పరవడంలోనే నాకు భయం వేసింది. ఇంతవరకూ ఆమె దారులు వేసింది వేరేవాళ్ళ పాత కార్లకి. కొత్త కారుకి, అందులోనూ తన మొగుడు నడిపే కారుకి, దారి వెయ్యడం అదే మొదలు.

ఆమె ఎందుకలా అయిందో మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరం ఆ మాట ఎత్తం. వదినది ఆర్కన్సాలో ఒక పల్లె. ఆమె చిన్నప్పుడు వాళ్ళ నాన్న పత్తి బాగా పండిన ఏడు ఒక ట్రక్కు కొన్నాడు. శనివారంనాడు పిల్లల్ని ఎక్కించుకుని టౌనులో ఒక చుట్టు తిప్పాడు. అంతే, ఇంకేం చెయ్యలేదు. వారం తిరక్కుండా ట్రక్కు బూడిదైంది, ఆ మర్నాడే వాళ్ళు కట్టుబట్టలతో ఊరు వదిలేశారు. ఆ రోజు టౌనులో తెల్లవాళ్ళందరూ వాళ్ళకేసి చూసి నవ్వుతూ చేతులూపారట. మరీ మర్యాదగా.

వారం రోజులు వదిన మ్యాపుతో కుస్తీ పట్టింది. బంకుకి వెళ్ళగానే ఏం అడగాలో నేర్పింది: పైపు కారులో పెట్టనివ్వకముందే "పాయిఖానా ఉందా" అనాలి. లేదంటే పెట్రోలు వద్దని కదిలిపోవాలి. పోసేశాక అడిగితే మన మొహాన నవ్వుతారు. హోటళ్ళ జోలికి పోకూడదు. వేయించిన కోడి, ఉడికించిన గుడ్లు, రొట్టె, వెన్న కేకు అన్నీ బూట్ల అట్టపెట్టెల్లో సర్దుకోవాలి. పాయిఖానా దొరక్కపోతే అవసరానికి పాత కాఫీ డబ్బా ఒకటి. ఇవన్నీ మాకు మామూలే, మావాళ్ళు ఎవరు వెళ్ళినా ఇంతే. కానీ వదినకి అవేవీ చాలినట్టు లేవు. మ్యాపు కేసి కాదు, కిటికీలోంచి కింద నిలబెట్టిన కారు కేసి చూస్తూ ఉండేది.

శనివారం మధ్యాహ్నం రూఫస్ తాత ఆయాసపడుతూ పైకొచ్చాడు. ఆయన గోల్ఫు క్లబ్బులో తెల్లవాళ్ళ కర్రల సంచులు మోసే పని చేసేవాడు. భుజాన ఒక పాత తోలు సంచి, దాంట్లో నాలుగైదు కర్రలు.

"ఇదిగో తల్లీ నువ్వడిగింది. ఎవడో పారేశాడు."

అన్నయ్య చదువుతున్న పేపరు దించాడు. "ఇదెందుకు?"

"ఫెల్టన్ దొరగారిది" అంది వదిన.

"ఆయనెవరు?"

"నీ యజమాని. కూర్చో, చెప్తాను."

అప్పటికే ఆమె ఆ మనిషిని తయారుచేసేసింది. పేరు ఫెల్టన్. కలప వ్యాపారం. నడుం నొప్పి, అంతదూరం కారులో కూర్చోలేడు, అందుకని రైల్లో వస్తున్నాడు. మెంఫిస్‌లో తమ్ముడి ఇంట్లో నెలరోజులు ఉంటాడు. కారూ, డ్రైవరూ, పనిమనిషీ, వంటమనిషీ ముందు వెళ్తున్నారు. డ్రైవరు మా అన్నయ్య. పనిమనిషి వదిన. వంటమనిషిని నేను.

"నాకు గుడ్డు ఉడకబెట్టడం తప్ప రాదు కదా వదినా" అన్నాను.

"అందుకే ఆయనకి నడుంతో పాటు కడుపు నొప్పి కూడా ఉంది. నువ్వు నోరు మూసుకో."

సంచీలోంచి నల్ల టోపీ ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. దొరల కార్ల డ్రైవర్లు పెట్టుకునే టోపీ. అన్నయ్య దాన్ని ముట్టుకోలేదు. అతని మొహం చూడలేక నేను కేకు కోసే మిషతో లేచాను.

"కారు నాది" అన్నాడు నెమ్మదిగా. "నా చెమట. నాది అని చెప్పుకోవడానికి కొన్నాను. వేరేవాడిదని చెప్పుకోవడానికా?"

"చెప్పుకో. ఇక్కడ మన వీధిలో పొద్దున్నా సాయంత్రం చెప్పుకో. అక్కడ వద్దు."

"ఎవరూ ఏమీ అడగరే."

"అడక్కపోతే మంచిదే. అడిగితే?"

వదిన గరిటె తీసుకుని లేచి నిలబడింది. దక్షిణాది పోలీసులా బొజ్జ ముందుకు పెట్టి, గరిటెని తుపాకీలా నడుముకి ఆనించి, బల్ల చుట్టూ మెల్లిగా తిరిగింది. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఆమె మాత్రం నవ్వలేదు.

"ఏరా అబ్బాయ్. కారెవరిది?"

"నాది."

గరిటె బల్ల మీద ఠపీమని పడింది. "చచ్చావ్. మళ్ళీ మొదటినుంచీ. ఏరా అబ్బాయ్, కారెవరిది?"

"నా పెళ్ళాందండీ. మహా గయ్యాళి."

"లూషస్!"

"సరేలే... దొరగారిదండీ."

"ఏ దొర?"

"...పేరేమన్నావ్?"

రోజూ రాత్రి భోజనాలయ్యాక ఇదే నాటకం. అన్నయ్యకి కావాలనే పాఠం వచ్చేది కాదు. ఒకసారి ఫెల్టన్‌కి చెవుడు పెట్టేవాడు, ఒకసారి ఇద్దరు పెళ్ళాల్ని కట్టబెట్టేవాడు. వదిన మాత్రం పట్టు వదల్లేదు. రానురాను ఆమెకి ఫెల్టన్ మీదే అనుమానం మొదలైంది. "నెలరోజులు తమ్ముడింట్లో ఉంటాడా? ఎందుకు? భార్య రాదేం?" అని తనలో తనే గొణుక్కుంటూ బట్టలు మడత పెట్టేది.

"నువ్వు పుట్టించినవాణ్ణే నువ్వు నమ్మవేంటి వదినా?" అన్నాను.

"పోలీసు అడుగుతాడే పిల్లా. నాకొచ్చిన అనుమానం వాడికి రాదా? భార్యకి మెంఫిస్ ఎండ పడదు. గుర్తుపెట్టుకో."

చివరికి మొగుడూ పెళ్ళాం ఒక ఒప్పందానికి వచ్చారు. దారంతా అన్నయ్య టోపీ పెట్టుకుంటాడు. కారుకి బురద పూస్తారు, మెరుపు కనబడకూడదు. వెనకసీట్లో దొరగారి గోల్ఫు సంచీ, హ్యాంగరుకి దొరగారి కోటు పేరుతో అన్నయ్య ఆదివారం కోటూ ఉంటాయి. అన్నయ్య అడిగింది ఒకటే.

"మెంఫిస్ పొలిమేరలో మన చర్చి ఒకటుంది. అక్కడ బోరింగు దగ్గర కారు కడుగుతాను. టోపీ తీసేస్తాను. నా కోటు నేను వేసుకుంటాను. అమ్మ వీధిలోకి మాత్రం నేను నేనుగా వెళ్తాను. దాన్లో నీ అనుమానాలు దూర్చకు."

వదిన పొలిమేర నుంచి అమ్మ ఇంటిదాకా మలుపులన్నీ వేలితో మ్యాపు మీద నడిచింది. ఆ వీధంతా మావాళ్ళే.

"సరే" అంది.

బయల్దేరిన రోజు ఇంకా తెల్లారలేదు. అన్నయ్య ముందురోజే కారు మీద గుడ్డతో బురద పామాడు. పామినంతసేపూ ఎవరికో ఒళ్ళు రుద్దుతున్నట్టు జాగ్రత్తగా పామాడు. నేను వెనకసీట్లో కూర్చోబోతే వదిన నా రెక్క పుచ్చుకుని లాగింది.

"అది దొరగారి సీటు. పనివాళ్ళు అక్కడ కూర్చుంటారా?"

"ఆయన రైల్లో వస్తున్నాడుగా!"

"అయినా సరే."

అలా లేని దొర వెనకసీటంతా ఆక్రమించుకుని కాళ్ళు బారజాపుకుని వచ్చాడు. ఉన్న మేం ముగ్గురం ముందుసీట్లో ఇరుక్కుని వచ్చాం. వదిన బండి కాగితాలు తన లోపలి లంగా అస్తరులో పెట్టి కుట్టేసింది. యజమాని పేరు దగ్గర లూషస్ ప్రూయిట్ అని ఉన్న కాగితం పోలీసు చేతిలో పడితే ఫెల్టన్ అక్కడికక్కడే చచ్చిపోతాడు.

ఇల్లినాయి రాష్ట్రం దాటేదాకా మొక్కజొన్న చేలు, ధాన్యం గాదెలు, మళ్ళీ మొక్కజొన్న చేలు. వదిన కళ్ళు రోడ్డు మీద లేవు. పక్క అద్దంలో ఉన్నాయి. ఎదురుగా వచ్చే ప్రతి కారు లోపల ఎవరున్నారో, వాళ్ళు తల తిప్పారో లేదో చూసింది. ఒక బంకులో కుర్రాడు చిరునవ్వు నవ్వి "ఎంతదూరం?" అన్నాడు. వదిన "పోనీ, పోనీ" అని అన్నయ్య తొడ మీద గిల్లింది. ఆ తర్వాతి బంకులో ముసలాడు మా వైపు చూడకుండా, రేడియోలో బేస్‌బాల్ వింటూ, తిట్టుకుంటూ పెట్రోలు పోశాడు. పాయిఖానా తాళంచెవి కూడా విసిరేశాడు. వదినకి ఆ రోజంతట్లో నచ్చిన మనిషి అతనొక్కడే.

మధ్యాహ్నం దాటాక, ఇల్లినాయి దక్షిణ కొసన, ఒక పోలీసు కారు మా వెనక పడింది. దగ్గరికి రాదు, వెనక్కి పోదు. మేం నెమ్మదిస్తే అదీ నెమ్మదిస్తుంది. అన్నయ్య స్టీరింగు రెండు చేతులా పట్టుకుని సూటిగా ముందుకే చూస్తున్నాడు.  వదిన పెదాలు కదులుతున్నాయి. ప్రార్థన చేసుకుంటోందనుకున్నాను. చెవి పెట్టి వింటే "కలప వ్యాపారం, నడుం నొప్పి, తమ్ముడిల్లు" అంటోంది.  ఒక్కసారి వెనక్కి తిరిగి చూడాలని ఎంత అనిపించిందో చెప్పలేను.

సరిహద్దు నది మీద వంతెన దగ్గరికి రాగానే ఆ కారు పక్కకి తిరిగి వెళ్ళిపోయింది.

ఆ వంతెన దాటాక అన్నయ్య గట్టిగా ఊపిరి వదిలాడు. "చూశావా? ఎవడూ అడగలేదు. వారంరోజులు గరిటె దెబ్బలు తిన్నది దండగ."

"ఇంకా చేరలేదు" అంది వదిన.

పొద్దు ఇంకా ఉండగానే పొలిమేర చర్చి చేరాం. అన్నయ్య చొక్కా చేతులు మడిచి, బోరింగు కొట్టి కొట్టి, ఆ కారుని పెళ్ళికూతుర్ని చేశాడు. నీళ్ళు పోస్తుంటే బురద కిందనుంచి ఆ లేతాకుపచ్చ బయటికొచ్చింది. చంకలు తడిసిపోయాయి, అయినా ఈల వేస్తూనే ఉన్నాడు. టోపీని డిక్కీలోకి విసిరేశాడు. దాని పక్కన గోల్ఫు సంచీ పడేశాడు. కోటు తొడుక్కుని, టై కట్టుకుని, అద్దంలో చూసుకుని "ఇప్పుడు నేనే దొరని" అన్నాడు. వదినకి కూడా నవ్వొచ్చింది. ఆమె నవ్వితే ఎంత బావుంటుందో, పాపం, చాలామందికి తెలీదు.

అమ్మ వీధి మలుపు తిరిగాం. హారను కొట్టడానికి అన్నయ్య చెయ్యెత్తాడు, ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

అమ్మ ఇంటిముందు నల్ల కారు ఒకటి ఆగి ఉంది. వెనకసీట్లో ఒక దొరసాని, అద్దం దించి ఉంది. ఇస్త్రీ బట్టల మూట తీసుకోవడానికి వచ్చినట్టుంది. అమ్మ మూట పట్టుకుని వరండా మెట్లు దిగుతోంది. అయిదు వందల మైళ్ళలో ఏ రాయి ఎక్కడుందో ఆలోచించిన వదిన, శుక్రవారం సాయంత్రం బట్టలు తీసుకెళ్ళడానికి ఎవరు వస్తారో ఆలోచించలేదు. వెనక్కి తిప్పడానికి లేదు, దొరసాని అప్పటికే మమ్మల్ని చూసేసింది. అన్నయ్య కారు ఆపి దిగాడు. కోటు, టై, మెరిసే బూట్లు.

దొరసాని మా కారుని ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూసింది. చిరునవ్వు నవ్వింది. "ఎస్తర్, ఎవరిదే ఈ కారు? ఎంత బావుందో!"

మరీ మర్యాదగా అడిగింది. వదిన వేళ్ళు నా మోచేతిలో గుచ్చుకున్నాయి.

అమ్మ అన్నయ్యని చూసి అయిదేళ్ళయింది. అయినా ఆమె కళ్ళు అతని మీద నిలవలేదు. కారు చూసింది, కోటు చూసింది, దొరసానిని చూసింది. కనురెప్ప కొట్టలేదు.

"మా అబ్బాయేనమ్మా. షికాగోలో ఒక పెద్ద దొరగారి దగ్గర డ్రైవరు పని చేస్తన్నాడు. ఆయన కారే."

"అలాగా! ఎవర్రా అబ్బాయ్ మీ దొర? మాకు షికాగోలో తెలిసినవాళ్ళున్నారు."

 అన్నయ్య కనీసం పేరైనా గుర్తుపెట్టుకోలేదనుకున్నాను. అతను చెయ్యి నుదుటిదాకా తీసుకెళ్ళాడు. అక్కడ టోపీ లేదు. ఆ చేత్తోనే తల నిమురుకుని, వినయంగా వంగాడు.

"ఫెల్టన్ గారండి అమ్మగారూ. కలప వ్యాపారం. నడుం నొప్పని రైల్లో వస్తన్నారండి, నన్ను కారు తీసుకుని ముందు పొమ్మన్నారు. ఇక్కడ తమ్ముడిగారింట్లో నెల్లాళ్ళు ఉంటారండి."

"భార్య రావడం లేదా?"

"ఆవిడకి మెంఫిస్ ఎండ పడదండమ్మా."

ఒక్క మాట తడబడలేదు. వారంరోజులు గరిటె కొట్టినా రాని పాఠం గడగడా వచ్చేసింది. దొరసాని "మంచి బట్టలు కుట్టించాడు మీ దొర" అని, మూట అందుకుని, అద్దం ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ కారు మలుపు తిరిగేదాకా మేం నలుగురం కదల్లేదు.

అప్పుడు అమ్మ అన్నయ్యని కావలించుకుంది. చెంపలు నిమిరింది. నన్ను ముద్దుపెట్టుకుంది. వదిన చిక్కిపోయిందంది. అన్నయ్య అమ్మ భుజాలు పట్టుకుని కారు వైపు తిప్పాడు.

"అమ్మా, అబద్ధం చెప్పాను. కారు నాది."

అమ్మ నవ్వింది. "సర్లే నాయనా."

"నిజంగానే. నేనే కొన్నాను."

"నేనేదో ఆవిడ నోరు మూయించడానికి తోచింది చెప్పాను. నువ్వు పేరు చెప్పావు, వ్యాపారం చెప్పావు, నడుం నొప్పి చెప్పావు, పెళ్ళాం సంగతి కూడా చెప్పావు. అవన్నీ అప్పటికప్పుడు ఎవరికి పుడతాయిరా? డ్రైవరు పనంటే నాకు నామోషీ అనుకున్నావా?"

"అవి వర్డెల్ కల్పించిందమ్మా!"

అమ్మ వదిన కేసి తిరిగింది. "ఏమ్మా కోడలు పిల్లా, ఏమంటావ్?"

"నిజమే అత్తయ్యా. మీవాడిదే. ఒట్టు."

వదిన దేనికీ అంత తొందరగా ఒట్టు పెట్టదు. అమ్మకి ఆ సంగతి బాగా తెలుసు. పైనుంచి కిందికి చూసి, జాలిగా తలూపింది. "అంత అనుమానం మనిషివి, నిన్ను కూడా నమ్మించాడా వీడు!"

వదిన వాకిట్లోనే అటు తిరిగి నిలబడి, లంగా కుట్లు విప్పి కాగితం తీసింది. అమ్మకి చదువు రాదు. "పాస్టరుగారి చేత చదివించుకో" అన్నాడు అన్నయ్య. అమ్మ గబుక్కున కాగితం మడిచి అతని జేబులో కుక్కేసింది. "నోర్ముయ్. దొర కాగితాలు ఊరందరికీ చూపిస్తావా? ఉద్యోగం ఊడుతుంది." ఇంక వాదన పెంచకుండా అన్నయ్య సామాను దింపుదామని డిక్కీ తెరిచాడు. పైనే నల్లటోపీ, దాని కింద గోల్ఫు సంచీ.

అమ్మ ఒక కర్ర బయటికి తీసి, చేత్తో పట్టుకుని చూసింది.

"ఇయ్యి కూడా నీవేనా అబ్బాయ్?"

  వదిన వరండా మెట్టు మీద కూలబడింది.

ఆ రెండు రోజులూ అన్నయ్య అన్నివిధాలా ప్రయత్నించాడు. కోప్పడ్డాడు, బతిమాలాడు, ఫ్యాక్టరీలో ఓవర్‌టైం సంగతంతా చెప్పాడు. అమ్మ అన్నీ వినేది. "నీదే అయితే నాకు రాత్రిళ్ళు కంటిమీద కునుకుంటుందా నాయనా?" అంది ఒకసారి, బీన్స్ ఒలుస్తూ. అమ్మ నిజంగా నమ్మలేదో, నమ్మకపోతేనే క్షేమం అనుకుందో నాకు ఈరోజుకీ తెలీదు. వదిన మాత్రం వంటింట్లో నాతో ఒకే మాట అంది. "పోలీసుని నమ్మించడానికి అల్లాను, నియోమా. పోలీసు ఆపనేలేదు."

ఆదివారం పొద్దున్న అమ్మ నీలం గౌను వేసుకుని, పువ్వుల టోపీ పెట్టుకుని వచ్చింది. అన్నయ్య వెనక తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. "ఎక్కమ్మా."  అమ్మ లోపలికి తొంగిచూసింది, ఆ మెత్తటి సీటుని చేత్తో కూడా తాకలేదు. తలుపు తనే మెల్లిగా వేసేసి, చుట్టూ తిరిగివెళ్ళి ముందుసీట్లో, కొసాకి, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వెనక మేమిద్దరం కూర్చోబోతే ఒప్పుకోలేదు. వదినా నేనూ చర్చికి నడిచి వెళ్ళాం. చర్చి ముందు ఆడవాళ్ళు చుట్టూ చేరితే, "మావాడు షికాగోలో పెద్ద దొర దగ్గర ఉన్నాడు, ఎంత నమ్మకమో చూడండి, కారిచ్చి ఇంత దూరం పంపాడు" అని అమ్మ పొంగిపోతూ చెప్పింది. అన్నయ్య బూట్ల కేసి చూసుకుంటూ నిలబడ్డాడు. 

ప్రార్థన అయి ఇల్లు చేరాక అమ్మ కారు దిగింది. మేం నడిచి వచ్చేసరికి, వంగుని, చేతిరుమాలుతో తను కూర్చున్నచోట సీటు రుద్దుతోంది. ఒకసారి తుడిచి, తల వంచి వాసన చూసి, మళ్ళీ తుడిచింది.

"ఏంటత్తయ్యా ఆ పని?" అంది వదిన.

"నేను కూర్చున్నానని ఆయనకి అనుమానం రాకూడదు కదమ్మా. వీణ్ణేమన్నా అంటాడు."

వదిన ఏదో చెప్పబోయింది.  నా భుజం మీద మొహం పెట్టుకుని ఏడ్చింది. ఆమె ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

అన్నయ్య వెళ్ళి అమ్మ చేతిలోంచి రుమాలు మెల్లిగా తీసుకున్నాడు. సీటు తనే ఇంకోసారి తుడిచాడు, కొసనుంచి కొసదాకా.

"చాలమ్మా, మరక కూడా లేదు" అన్నాడు. "అయినా ఆయన ఏమీ అనడు. మంచివాడే."